ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే చెవిలో దురద, పొలుసులు: సిలికాన్ పడకపోవడమా, తడి వల్లనా?

విశాఖ_వాన (ప్రశ్న):

నమస్కారమండీ. ఫోన్‌లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం, ఇంటి నుంచే. రోజుకు ఏడెనిమిది గంటలు వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ చెవిలోనే ఉంటాయి. ఇవి కొని 3 నెలలైంది. 3 వారాలుగా చెవి రంధ్రం మొదట్లో దురద, తీసేశాక అరగంట పాటు మంట. అద్దంలో చూస్తే రంధ్రం అంచు చుట్టూ ఎర్రటి వలయం, దాని మీద తెల్లటి పొలుసులు. కుడి చెవికి ఎక్కువ. పొద్దున లేచేసరికి అక్కడ పసుపుగా అట్ట కట్టి ఉంటోంది. నొప్పి లేదు, చీము లేదు, వినికిడి తగ్గలేదు. షుగరు లేదు.

ఇప్పటిదాకా చేసినవి: రాత్రి శానిటైజర్ వైప్‌తో తుడిచి వెంటనే కేసులో పెట్టి మూత వేస్తున్నాను. రెండు రోజులు కొబ్బరినూనె రాశాను. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. కుడి చెవికి రాస్తే మూడు రోజులు బాగా తగ్గింది, మానగానే ముందుకన్నా ఎక్కువైంది.

అడగదలచుకున్నవి మూడు. ఇది సిలికాన్ పడకపోవడమేనా? ఫోమ్ టిప్స్ కొంటే పోతుందా? ఉద్యోగం మానలేను కాబట్టి కాల్స్ తప్పవు, మరి దారేంటి?


చర్మవిభాగం (జవాబు):

సిలికాన్‌ను అందరికన్నా చివర అనుమానించండి. సరిగ్గా తయారైన సిలికాన్ చర్మానికి దాదాపు ఏమీ చేయదు. పాలసీసా పీకలూ, ఆసుపత్రి గొట్టాలూ దాంతోనే చేస్తారు. దానికి నిజంగా అలర్జీ ఉన్నవాళ్లు చాలా అరుదు. అయితే అది చెమటను పీల్చుకోదు, పక్కకు పోనివ్వదు. చెవి రంధ్రానికి బిరడా కొట్టినట్టు ఎనిమిది గంటలు ఉంచితే లోపలి తడి లోపలే ఉంటుంది. నానిన చర్మం మెత్తబడి, మాట్లాడుతున్నప్పుడు దవడ కదిలే కొద్దిపాటి రాపిడికే చిట్లుతుంది. మీ ఉద్యోగమే మాట్లాడటం కాబట్టి ఆ రాపిడి రోజంతా జరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులు ఒకేలా కనిపిస్తాయి. ఒకటి, తడి, రాపిడి, సబ్బు, స్పిరిట్ చర్మాన్ని నేరుగా దెబ్బతీయడం. ఇది ఎవరికైనా రావచ్చు. పెట్టుకున్న కొన్ని గంటల్లోనే మొదలవుతుంది, దురదకన్నా మంట ముందుంటుంది, తగిలిన చోటు దాటి పోదు. రెండోది అలర్జీ. ఒంటి రక్షణ వ్యవస్థ ఏదో ఒక రసాయనాన్ని గుర్తుపెట్టుకుని తిరగబడుతుంది. తొలిసారి ఆ గుర్తు పడటానికి కనీసం పది రోజుల నుంచి రెండు వారాలు, కొందరికి ఏళ్లు కూడా పడుతుంది. ఒకసారి గుర్తు పడ్డాక మళ్లీ తగిలితే ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. గోకకుండా ఉండలేనంత దురద, సన్నటి నీటి పొక్కులు, రసి, చెంప మీదికీ మెడ మీదికీ పాకడం దీని లక్షణాలు. వస్తువు తీసేశాక కూడా వారం, పది రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే సాగుతుంది.

"మొదట్లో బాగుంది, ఇప్పుడు వచ్చింది, అంటే అలర్జీయే" అని చాలామంది తేల్చేసుకుంటారు. అది తప్పు. ఉక్క పెరిగినా, పని గంటలు పెరిగినా, తుడిచే మందు మారినా మొదటి రకం కూడా నెలల తర్వాతే మొదలవుతుంది.

ఎక్కడ వచ్చిందన్నదే సగం జవాబు. ఇంట్లో ఎవరినైనా మొబైల్ టార్చి పట్టమని రెండు చెవులూ ఫోటో తీయించుకుని చూడండి.

రంధ్రం అంచున మాత్రమే ఉంగరంలా ఉంటే అది టిప్ తగిలే చోటు. తడి, తప్పు సైజు, టిప్ మీద మిగిలిపోయిన సబ్బు లేదా శానిటైజర్ మొదటి అనుమానితులు.

రంధ్రం బయట, డొప్పలోని గిన్నెలాంటి చోట ఎర్రబడితే అక్కడ ఆనేది ఇయర్‌బడ్ ప్లాస్టిక్ ఒళ్లు. దాని అతుకుల్లో జిగురు ఉంటుంది, పైన పూత ఉంటుంది, ఛార్జింగ్ పిన్నులు ఉంటాయి. జిగురులోనూ పూతలోనూ వాడేవి ఎక్రిలేట్లు. పూర్తిగా గట్టిపడిన ఎక్రిలిక్ ప్లాస్టిక్‌తో ఇబ్బంది లేదు, గట్టిపడకుండా మిగిలిన కాస్త జిగురే చర్మంలోకి దిగి అలర్జీ తెస్తుంది. ఒంటికి కట్టుకునే పరికరాలతో ఇది ఊహ మాత్రమే కాదు. 2014లో అమెరికాలో ఫిట్‌బిట్ ఫోర్స్ చేతిపట్టీలను పది లక్షల దాకా వెనక్కి పిలిచింది మణికట్టు మీద దద్దుర్ల వల్లే. జిగురులోని ఎక్రిలేట్లు, స్టీలులోని నికెల్ కారణం కావచ్చని అప్పుడు చెప్పారు. షుగరు కొలిచే చర్మపు సెన్సర్లతో వచ్చే దద్దులకు ఐసోబోర్నిల్ ఎక్రిలేట్ కారణమని 2017లో తేలింది. ఇంట్లో జెల్ నెయిల్ పాలిష్ వేసుకునే అలవాటు ఉంటే తప్పకుండా చెప్పండి. ఆ జెల్ కూడా ఇదే కుటుంబం. గోళ్ల దగ్గర మొదలైన అలర్జీ తర్వాత చెవి దగ్గర బయటపడొచ్చు.

తమ్మె కూడా ఎర్రబడితే ఇయర్‌బడ్స్‌ను వదిలి దుద్దుల వైపు చూడండి. గిల్టు నగల్లో నికెల్ ఉంటుంది.

చెవి వెనక మడత, జుట్టు అంచు ఎర్రబడి దురద పెడితే జుట్టుకు వేసే రంగును గుర్తు చేసుకోండి. నల్ల రంగుల్లో ఉండే పారాఫినిలిన్ డయమీన్ పడనివాళ్లకు మొదట కనిపించే చోట్లు అవే.

డొప్ప గిన్నెలో, చెవి వెనక, కనుబొమల్లో, ముక్కు పక్కల జిడ్డుగా పసుపు పొలుసులు ఉంటే, తలలో చుండ్రు కూడా ఉంటే, అది చుండ్రు జాతి దద్దు. ఇయర్‌బడ్స్ దాన్ని రేపుతాయి గానీ పుట్టించవు. దానికి వైద్యం వేరు. 2 శాతం కీటోకొనజోల్ షాంపూతో మొదలుపెడతారు.

మీరు చెప్పినదాంట్లో ఉంగరంలాంటి గుర్తు ఉంది కాబట్టి మొదటి రకం వైపే మొగ్గుతున్నాను. కానీ కుడి చెవికి ఎందుకు ఎక్కువ అన్నది తేలాలి. నాలుగు సంగతులు చెప్పండి: (1) ఎరుపు రంధ్రం అంచున మాత్రమేనా, గిన్నెలో కూడా ఉందా? (2) రెండు చెవులకూ సమానంగా వాడతారా? (3) ఆ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఏ మందుల పేర్లు ఉన్నాయి? (4) జుట్టుకు రంగు, జెల్ పాలిష్, కొత్త షాంపూ ఏమైనా ఉన్నాయా?

ఈలోగా ఆ ట్యూబు రాయడం ఆపండి.


రిపేరు_బల్ల (జవాబు):

పైన చెప్పింది చర్మం సంగతి, నేను వస్తువు సంగతి చెబుతాను. టిప్‌ను నాజిల్ నుంచి లాగి తీయండి. గొడుగులా ఉన్న అంచును వేలితో వెనక్కి, గాలికి గొడుగు తిరగబడ్డట్టు మడవండి. లోపలి గొట్టానికీ గొడుగుకూ మధ్య సందులో పసుపు, గోధుమ రంగు కలిసిన జిగట వలయం కనిపిస్తుంది. గులిమి, రాలిన చర్మం, చెమట ఉప్పు, మీ లెక్కన చూస్తే శానిటైజర్ కూడా కలిసిన ముద్ద అది. పైపైన వైప్‌తో తుడిస్తే ఆ సందులోకి ఇంకా దిగుతుంది గానీ బయటికి రాదు. వెంటనే కేసులో పెట్టి మూత వేస్తే ఆరదు. పొద్దున్నే ఆ తడి గొడుగే మళ్లీ చెవిలోకి వెళుతోంది.

శానిటైజర్ వైప్స్‌లో స్పిరిట్ ఒక్కటే ఉండదు. చాలావాటిలో సువాసన, బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటి క్రిమిసంహారకం ఉంటాయి. స్పిరిట్ ఎగిరిపోతుంది, అవి మిగులుతాయి. చేతికి ఇబ్బంది లేదు, మూసిన చెవిలో ఎనిమిది గంటలంటే వేరే లెక్క.

టిప్స్ కడిగే పద్ధతి. రెండు టిప్స్‌నూ విడదీసి గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో వేయండి. కంపెనీ కాగితంలో సబ్బు వద్దని రాసి ఉంటే ఉత్త నీళ్లే. అలా లేకపోతే వాసన లేని ద్రవ సబ్బు ఒక్క చుక్క, అంతకుమించి వద్దు. ఐదు నిమిషాలు నానాక గొడుగు తిరగేసి సందంతా వేలితో రుద్దండి. తర్వాత కుళాయి ధార కింద అర నిమిషం పట్టండి. వేళ్లకు జారుడు తగిలినంతసేపూ సబ్బు ఉన్నట్టే. విదిలించి, పాత కాటన్ గుడ్డ మీద గొడుగు పైకి ఉండేలా ఆరబెట్టండి. మామూలు రోజుల్లో రెండు మూడు గంటలు, వానల్లో రాత్రంతా. అందుకే రెండు జతలు ఉంచుకుని రోజు మార్చి రోజు వాడటం మేలు. ఎక్కువ మోడళ్లతో డబ్బాలోనే మూడు సైజులు వస్తాయి, కానీ మీ సైజువి విడిగా ఇంకో జత కొనాలి.

ఇయర్‌బడ్ ఒంటికి నీళ్లు పనికిరావు. మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. జిడ్డు ఉంటే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డ కొసను తేమ చేసి తుడిచి, ఐదు నిమిషాలు గాలికి వదలండి. పిండితే చుక్క కారకూడదు, అంత తేమ చాలు. శబ్దం వచ్చే జాలీ మీద మాత్రం ఆల్కహాల్ పడనివ్వకండి. గులిమిని కరిగించి లోపలికి దించుతుంది, తర్వాత ఆ వైపు శబ్దం తగ్గుతుంది. జాలీ నేల వైపు ఉండేలా పట్టుకుని, పొడిగా ఉన్న చిన్నపిల్లల మెత్తటి టూత్‌బ్రష్‌తో కింద నుంచి రాస్తే చెత్త కిందికి రాలుతుంది. పైకి పెట్టి బ్రష్ చేస్తే చెత్తంతా లోపలికే పోతుంది. చాలామంది చేసే తప్పు ఇదే. సూది, పిన్నీసు వద్దు.

ఛార్జింగ్ పిన్నులు చూడండి. బంగారు రంగు పూత కింద సాధారణంగా నికెల్ పొర, దాని కింద రాగి ఉంటాయి. చెమట ఉప్పుకు పూత పోతే పిన్ను మాసిన బూడిద రంగులోకి, ఆ తర్వాత ఆకుపచ్చలోకి తిరుగుతుంది. నికెల్ పడనివాళ్లకు ఆ స్థితిలో ఇబ్బందే. ఉప్పుకాగితంతోనో పెన్సిల్ రబ్బరుతోనో రుద్ది మెరిపించకండి, మిగిలిన పూత కూడా పోతుంది. ఆకుపచ్చ తేలిన బడ్ మార్చాల్సిందే.

సైజు సంగతి. టిప్స్ మోడల్‌ను బట్టి సుమారు 10 నుంచి 14 మిల్లీమీటర్ల వెడల్పులో ఉంటాయి. పెద్దదైతే అంచు ఒత్తి ఉంగరంలా ముద్ర వేస్తుంది. చిన్నదైతే జారుతుంది, జారిన ప్రతిసారీ వేలితో లోపలికి నొక్కుతారు, ఆ తిప్పుడికి చర్మం గీసుకుంటుంది. పెట్టుకుని నోరు పూర్తిగా తెరిచి మూయండి, నాలుగు ముక్కలు మాట్లాడండి. కదలకుండా, ఒత్తిడి తెలియకుండా ఉంటే సరైన సైజు. కుడి, ఎడమ చెవులకు ఒకే సైజు సరిపోవాలని లేదు. కుడికి చిన్నది, ఎడమకు మధ్యది పెట్టుకోవచ్చు.

ఫోమ్ గురించి: అది పాలీయురెథేన్ నురుగు. ఒత్తిడిని సమంగా పంచుతుంది, అందుకే రాపిడి తక్కువ. కానీ చెమటను స్పాంజిలా తాగుతుంది, కడిగి లోపలిదాకా ఆరబెట్టడం కుదరదు. బాగా వాడేవాళ్లు రెండు మూడు నెలలకొకసారి మార్చాలి. రసి కారుతున్న చెవికి ఫోమ్ వద్దు. పూర్తిగా మానాక, ఏసీ గదిలో కూర్చునే పనికైతే ఆలోచించండి.

విడిగా దొరికే చౌక "సిలికాన్" టిప్స్ అన్నీ సిలికాన్ కావు. కొత్తలోనే ఘాటైన రబ్బరు వాసన వేసినా, కొన్నాళ్లకు జిగురుగా తయారైనా పారేయండి.


వినికిడి_కొలత (జవాబు):

చెవి లోపలి వైపు సంగతి చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. పెద్దవాళ్లలో చెవి గొట్టం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. బయటి మూడో వంతులోనే వెంట్రుకలు, గులిమి గ్రంథులు ఉంటాయి, టిప్ కూర్చునేదీ అక్కడే. గులిమి మురికి కాదండీ. కాస్త పుల్లటి గుణం ఉన్న జిడ్డు అది. నీటిని నిలవనివ్వదు, క్రిములను పెరగనివ్వదు. టిప్ దాన్ని లోపలికి తోస్తుంది, నిలిచిన తడి దాని పులుపును తగ్గిస్తుంది. అప్పుడు సూడోమోనాస్ లాంటి బాక్టీరియా, యాస్పర్‌జిల్లస్ అనే బూజు పాతుకుంటాయి. మీ సముద్రపు గాలిలో బూజు ఇంకా తేలిక. చెవిలో తడి కాగితం ముద్దలాంటి తెల్లటి పదార్థం, దాని మీద నల్లటి చుక్కలు, లోతుగా విపరీతమైన దురద, చెవి మూసుకుపోయినట్టుండటం దాని గుర్తులు.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. రంధ్రం ముందు ఉండే చిన్న మెత్తటి బుడిపెను వేలితో నొక్కండి, తర్వాత డొప్పను పైకి, వెనక్కి లాగండి. నొప్పి పుడితే గొట్టంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు అనుకుని చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి. నొప్పి లేకపోతే సమస్య ఎక్కువగా పైచర్మానిదే.

కొబ్బరినూనె ఆపండి. లోపల తడి ఉన్న చెవికి పైన నూనె పొర వేస్తే తడి ఇంకా నిలుస్తుంది. వెల్లుల్లి కాచిన నూనె పోయమని ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా చెబితే మర్యాదగా వద్దనండి. వెల్లుల్లి చర్మాన్ని కాలుస్తుంది. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో తెలియకుండా ఏ చుక్కలూ వేయకూడదు. అగ్గిపుల్ల, పిన్నీసు, తాళంచెవి, కాటన్ బడ్ ఏదీ లోపలికి పోకూడదు. గోకినకొద్దీ చర్మం గీసుకుని దురద పెరుగుతుంది.

స్నానం చేసేటప్పుడు దూదికి కాస్త వేసలీన్ పూసి రంధ్రం మొదట్లో పెట్టుకోండి. తర్వాత తల ఒక పక్కకు వంచి నీళ్లు కారనిచ్చి, బయట మెత్తటి గుడ్డతో అద్దండి. హెయిర్ డ్రయ్యర్ ఉంటే చల్లగాలి మీద పెట్టి, అడుగు దూరం నుంచి అర నిమిషం పట్టొచ్చు. చెవి పూర్తిగా ఆరకముందు ఇయర్‌బడ్ పెట్టడం వద్దు.

కాల్స్ తప్పవన్నారు కదా. చెవి చుట్టూ కూర్చునే, గుడ్డ దిండ్లున్న హెడ్‌సెట్ రెండు వారాలు అరువు తెచ్చుకున్నా చాలు, రంధ్రంలోకి ఏదీ పోదు. కాల్ సెంటర్లలో వాడే ఒక చెవి హెడ్‌సెట్ అయితే గంటకోసారి చెవి మార్చండి. గది తలుపు వేసుకునే వీలుంటే ల్యాప్‌టాప్ స్పీకరు, విడిగా ఒక మైకు. చెవి ముందు ఎముక మీద ఆనే రకం కూడా పనికొస్తుంది, అయితే అది ఆనే చోట చెమట తుడుచుకోవాలి. ఏది వాడినా 50 నిమిషాలకు 10 నిమిషాలు చెవికి గాలి తగలనివ్వండి.

వాయిదా వేయకూడనివి: పెరిగే నొప్పి, వాసన వచ్చే స్రావం, జ్వరం, వినికిడి తగ్గడం, చెవి వెనక వాపు, మూతి ఒక పక్కకు వంకర పోవడం. మీకు షుగరు లేదన్నారు. కానీ ఇది చదివేవాళ్లలో షుగరు ఉన్నవాళ్లు, ముఖ్యంగా పెద్దవయసువాళ్లు, రాత్రి నిద్రపట్టనివ్వని లోతైన చెవినొప్పి వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇన్‌ఫెక్షన్ పుర్రె ఎముకలోకి దిగే ప్రమాదం వాళ్లకే ఎక్కువ.


బెజవాడ_ఎండ:

మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు క్షమించండి. నాది నెక్‌బ్యాండ్. చెవికి ఏమీ లేదు, మెడ వెనక పట్టీ ఆనినంత మేర సన్నటి ఎర్ర పొక్కులు. బండి మీద డెలివరీలు, రోజంతా ఎండలోనే. ఇదీ అలర్జీయేనా?


చర్మవిభాగం:

బెజవాడ_ఎండ గారూ, పట్టీ కింద మాత్రమే గుచ్చుకున్నట్టుండే ఆవగింజంత పొక్కులైతే అవి ఎక్కువగా చెమటకాయలే. చెమట నాళాలు మూసుకుపోయి వస్తాయి. బండి మీద ఉన్నప్పుడు పట్టీని చర్మం మీద కాకుండా కాలరు మీద ఉండేలా వేసుకోండి, రెండు గంటలకోసారి తీసి మెడనూ పట్టీనీ తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. పౌడరు దట్టంగా చల్లితే చెమటతో ముద్దై ఇంకా మూసుకుంటుంది. వారంలో తగ్గకపోయినా, అంచులు గుండ్రంగా పెరుగుతూ పోయినా అది తామర కావచ్చు, చూపించండి. దానికి షాపులో ఇచ్చే స్టెరాయిడ్ క్రీము మాత్రం రాయకండి. తామర పైకి తగ్గినట్టు కనిపించి లోలోపల వ్యాపిస్తుంది.


విశాఖ_వాన:

అందరికీ ధన్యవాదాలు. అడిగినవాటికి జవాబులు. (1) ఎరుపు రంధ్రం అంచునే, గిన్నెలో ఏమీ లేదు. కానీ కుడి వైపు ఇప్పుడు కొంచెం కిందికి, తమ్మె వైపు పాకింది. ఎడమ అలా లేదు. దుద్దులు బంగారువే, చిన్నప్పటి నుంచీ ఉన్నవే. (2) ఛార్జింగ్ నిలవాలని కాల్స్‌కు ఒక్క కుడిదే వాడతాను, ఎడమది పాటలకు మాత్రమే. (3) ట్యూబు మీద క్లోబెటాసాల్, నియోమైసిన్, మైకోనజోల్ అని ఉంది. కుడి చెవికే రాశాను. (4) రంగు వేయను, గోళ్లకు జెల్ లేదు, షాంపూ పాతదే. బుడిపె నొక్కితే నొప్పి లేదు. రిపేరు_బల్ల గారు చెప్పినట్టు గొడుగు తిరగేసి చూశాను, ఆ పసుపు వలయం నిజంగానే ఉంది, కుడి దాంట్లో ఎక్కువ.


చర్మవిభాగం:

ఇప్పుడు బొమ్మ స్పష్టంగా ఉంది. కుడి చెవి రోజంతా మూసి ఉంది, మురికి టిప్ దానికే పెట్టారు, క్రీమూ దానికే రాశారు. మొదట వచ్చింది తడి, శానిటైజర్ వల్ల. తర్వాత పాకిన దాని మీద అనుమానం ఆ ట్యూబు మీదికి పోతోంది.

ఆ మూడు మందుల్లో క్లోబెటాసాల్ అన్నింటికన్నా బలమైన స్టెరాయిడ్ల తరగతి. చెవి దగ్గరి పల్చటి చర్మానికి సొంతంగా వాడేది కాదు. రాసినన్నాళ్లూ ఎరుపును అణచి, మానగానే తిరిగి లేస్తుంది. నియోమైసిన్ బాక్టీరియాను చంపే మందు, కానీ స్వయంగా పేరుమోసిన అలర్జీ కారకం. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ఏటా ఒక అలర్జీ కారకాన్ని ఎంచి ప్రకటిస్తుంది, 2010కి ఎంచింది దీన్నే. చెవి జబ్బుల్లో ఇది తరచూ తగిలే ముల్లు. చెవి చుక్కల్లోనూ క్రీముల్లోనూ అదే ఉంటుంది, స్టెరాయిడ్ కలిసి ఉంటుంది కాబట్టి దద్దు మొదట కనపడదు, స్టెరాయిడ్ ఆపగానే బయటపడుతుంది. కుడి వైపు టిప్ తగలని చోటికి పాకడం దానికి సరిపోతోంది. ఇలాంటి క్రీములు డాక్టరు చీటీ మీదే అమ్మాల్సినవి. చీటీ లేకుండా ఇచ్చారంటే అది మీ తప్పు కాదు.

చేయాల్సింది ఇదీ. రెండు వారాలు రంధ్రంలో ఏదీ వద్దు, హెడ్‌సెట్‌తో గడపండి. సబ్బు, షాంపూ నురగ చెవిలోకి పోనివ్వకండి. రాత్రి పడుకునే ముందు వాసన, రంగు లేని తెల్ల వేసలీన్ బియ్యపు గింజంత తీసుకుని అంచున పల్చగా అద్దండి, రంధ్రం లోపలికి కాదు. పసుపు అట్టను గోటితో పీకకండి, తడి గుడ్డ ఐదు నిమిషాలు అద్ది ఉంచితే దానంతటదే వదులుతుంది. అట్ట పెరిగితే, వెచ్చగా వాస్తే బాక్టీరియా చేరినట్టే, చూపించాలి. ఎరుపు ఇబ్బంది పెడితే 1 శాతం హైడ్రోకార్టిసోన్ లాంటి తేలికది వారం లోపు ఇస్తారు, అది కూడా చూసి రాసిస్తేనే.

పూర్తిగా మానాక ఒకేసారి ఎనిమిది గంటలకు వెళ్లకండి. కడిగి ఆరబెట్టిన టిప్, సరైన సైజు, ఎడమ చెవికి మాత్రమే: రెండు రోజులు గంట చొప్పున, తర్వాత రెండు రోజులు రెండు గంటల చొప్పున, ఆ తర్వాత నాలుగు. కుడిది ఖాళీగా ఉంచండి. పెట్టిన గంటల్లోనే మంట వస్తే సైజు లేదా తడి. మర్నాడో మూడో రోజో దురద, పొక్కులు వస్తే అలర్జీ. ఎడమ నిలబడితే అప్పుడు కుడితో ఇదే వరస.

అలర్జీ వైపు తేలితే, లేదా రెండు వారాల్లో కుడి చెవి మానకపోతే, ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. రక్త పరీక్షలూ, ముంజేతి మీద గుచ్చే పరీక్షలూ ఈ రకం అలర్జీని పట్టుకోలేవు. ప్యాచ్ టెస్ట్‌లో వీపు పైభాగాన చిన్న గిన్నెల్లో మందులు పెట్టి పట్టీ అంటిస్తారు. 48 గంటలకు తీసి చూస్తారు, 72 లేదా 96 గంటలకు మళ్లీ చూస్తారు. నియోమైసిన్ లాంటివి ఒక్కోసారి ఏడో రోజున గానీ తేలవు కాబట్టి మూడోసారి రమ్మంటే తప్పక వెళ్లండి. అన్ని రోజులూ వీపు తడవకూడదు, చెమట పట్టే పని వద్దు. మన దేశపు మామూలు వరసలో నికెల్, నియోమైసిన్, జుట్టు రంగు, రబ్బరు రసాయనాలు ఉంటాయి. ఎక్రిలేట్ల వరస చాలాచోట్ల వేరే, మీరే అడగాలి. ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే, వీపుకు స్టెరాయిడ్ క్రీము రాసి ఉంటే ముందే చెప్పండి, ఉన్న అలర్జీ కూడా లేనట్టు చూపిస్తుంది. దురద తగ్గించే మామూలు అలర్జీ మాత్రలు అంతగా అడ్డు రావు.

వెళ్లేటప్పుడు ఇయర్‌బడ్స్, కడగని పాత టిప్ ఒకటి, శానిటైజర్ వైప్స్ పాకెట్టు, ఆ ట్యూబు నాలుగూ కవర్లో వేసి తీసుకెళ్లండి. టిప్ నుంచి చిన్న ముక్క కోసి దాన్నే వీపు మీద పరీక్షించే వీలుంది. ట్యూబు ఇక రాయరు కదా అని ఇంట్లో పారేయకండి, దాని మీది చిన్న అక్షరాలే డాక్టరుకు కావాల్సింది.